పనసపొట్టు కూర మీద నా పరిశోధన

ఒక్క బొమ్మ గీసి రాజాం పట్టణాన్నే గడగడలాడించిన ఘనత నాది. గుండె దిటవు చేసుకుని వినండి. పట్టణమంటే, నిజానికి ఒక వీధి. వీధి అంటే, సరే, ఒక ఇల్లు.

లెక్కల మాస్టారుగా రిటైరైన కొత్తలో భావనల జాలకమనే విద్య నా తలకెక్కింది. అడ్డవరుసల్లో మనుషుల్ని, నిలువు వరుసల్లో గుణాల్ని రాసి, ఎవరికి ఏది ఉంటే అక్కడ ఇంటూ కొట్టాలి. ఒకే గుణాలున్నవాళ్ళను ఒక ముడిగా చేర్చి, ముడులను గీతలతో కలపాలి. దాగిన నిజం వలలో చేపలా పడుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పరిశోధకుడు బంధుత్వం కూడా ఎరగడు.

నాకు వరసకి మావైన సింహాచలం గృహప్రవేశానికి మా బావమరిది అప్పన్న వంట చేశాడు. అది నచ్చితే మావ కూతురి పెళ్ళి వంటా అతనిదే. మర్నాడు మావతో సహా ఊరు ఊరంతా, అంటే ఆరుగురు, చెంబులతో పరుగులు. వాళ్ళ వెనక పట్టికతో నేను.

పడకేసినవాళ్ళనీ, తిరుగుతున్నవాళ్ళనీ ఏమేం తిన్నారో అడిగి, జాలకం గీసి మావ మంచం మీద పరిచాను.

“సూడు మావా! జబ్బు పడ్డోళ్ళంతా ఈ ముడిలోనే ఉన్నారు. అందరూ పనసపొట్టు కూర మారు వేయించుకున్నోళ్ళే.”

“నేనూ మారు ఏసుకున్నాను గదేటి బావా! నాకేటయింది?” అన్నాడు అప్పన్న.

“వంటోడు లెక్కలోకి రాడురా.”

“ఎందుకు రాడు?”

“కాయితం అయిపోయింది.”

మావ నిట్టూర్చి ఫోను తీశాడు. “ఏటీ అనుకోకు అప్పన్నా, పెళ్ళి వంట ఇంకొకలకి సెప్పేస్తాను.” అంతలోనే కడుపు పట్టుకున్నాడు. “ఒరే అల్లుడా, నిన్న కూర బరువైందంటే నోట్లో పోసేవు సూడు, ఆ సూర్ణం ఇంకొంచెం ఉన్నాదేటి?”

అది నా స్వహస్తాలతో నూరిన జీర్ణచూర్ణం. ఆ కూర మారు తిని ఆయాసపడుతున్నవాళ్ళను వెతికి పట్టుకుని మరీ మింగించాను. వంట హడావిడిలో అప్పన్న ఒక్కడే దొరకలేదు.

“అందులో ఏటి కలిపావు బావా?” అప్పన్న మెల్లగా అడిగాడు.

“శొంఠి, వాము... సునాముఖి.”

“ఇరేసనాలకిచ్చే సునాముఖి ఎంత?”

“మిగతావి తక్కువే.”

“మరి నీ పట్టీలో సూర్ణానికి గడేదీ?”

“అది మందురా! తిండి కాదు గదా!”

మావ ఫోను దిండు కింద పెట్టేశాడు. “పెళ్ళి వంట నీదే అప్పన్నా. అల్లుడా, నువ్వు మాత్రం ఒట్టి సేతుల్తోనే రా. ఏటీ తేకు.”

కనుక అరసవల్లి సూర్యనారాయణమూర్తి సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇకమీద లోకంలో ఏ ఉపద్రవానికి కారణం వెతికినా, మొదటి గడిలో నా నిర్వాకం రాసుకున్నాకే రెండో గడి గీస్తాను.