ఖాళీ మాత్రల అట్టలు

డాక్టర్ ఛాయాదేవి బొటనవేళ్ళు చెన్నమ్మ వేలి కణుపులను ఒక్కొక్కటిగా నొక్కి చూస్తున్నాయి. వాపు ఉన్నచోట చర్మం కింద కణుపు మెత్తగా కదులుతుంది. ఆ తేడా పుస్తకంలో దొరకదు, వేల చేతులు పట్టుకుంటే తెలుస్తుంది. 1997లో బెంగళూరులో కీళ్ళవాతానికి ప్రత్యేకంగా చదివిన డాక్టర్లు కొద్దిమందే. జనరల్ వైద్యం చదివిన ఛాయాదేవి చాలావరకు ఇలా నొక్కి నొక్కే నేర్చుకుంది.

చెన్నమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఆమెది ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళను తినే జబ్బు. వేళ్ళు వంకరపోతే మిషన్ మీద కూర్చోనివ్వరు.

డాక్టర్ వారానికొక్కసారి, శనివారం మాత్రమే వేసుకునే మందు రాసింది. మరునాడు కడుపులో తిప్పినా ఆదివారం సెలవే. వచ్చినప్పుడల్లా మాత్రల ఖాళీ అట్టలు తెచ్చి చూపాలి. ఆ మందు మీద నూటపది మందితో చేస్తున్న పరిశోధనకు అవే ఆధారం.

చెన్నమ్మ ఒక్క అట్టా తప్పకుండా తెచ్చేది. వాపు మాత్రం తగ్గలేదు. "మందు పనిచేయలేదు" అని రిజిస్టర్‌లో రాసి, డాక్టర్ మోతాదు పెంచుతూ పోయింది. ఆరేళ్ళలో వేళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి.

"ఇంత మోతాదుకు ఎద్దుకైనా కడుపు తిప్పుతుంది. నీకేం కాలేదా?" అంది డాక్టర్ ఒకరోజు.

"మింగితే గదమ్మా తిప్పేది."

"మరి అట్టలు?"

"మాత్రలు మోరీ నీళ్ళలో పారేసి, అట్టలు మీకు తెస్తా ఉంటి. ఆర్డర్ల సీజన్‌లో ఆదివారం కూడా డ్యూటీ ఉండాది. రెండుసార్లు కాలర్ల మీదే కక్కినాను. సూపర్‌వైజర్ ఇంటికి పొమ్మన్నాడు."

"చెప్పి ఉంటే వాంతి ఆగేదానికి వేరే మాత్ర ఇచ్చేదాన్ని గదా."

"చెప్పాలనే వస్తా ఉంటి. అట్టలు చూస్తానే మీ మొగం కళకళలాడేది. ఇంకేం చెప్పేది?"

ఆరేళ్ళలో ఛాయాదేవి ఒక్కసారీ ఆదివారం ఎలా గడిచిందని అడగలేదు. ఆ నెలంతా మిగతావాళ్ళను పిలిచి అడిగింది. తామూ మింగలేదని ముప్పైఒక్క మంది ఒప్పుకున్నారు. ఆ పరిశోధన మీద అచ్చుకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకుంది.

చెన్నమ్మ ఇప్పుడు మందు నిజంగానే మింగుతోంది. నొప్పి తగ్గింది. ఒరిగిన వేళ్ళు తిరిగి రావు. ఫ్యాక్టరీ వాళ్ళు పనిలోంచి తీసేశారు. వికలాంగుల పింఛనుకు సర్టిఫికెట్ కావాలని వచ్చింది.

ఛాయాదేవి కొలబద్ద పెట్టి పది వేళ్ళ వంపూ కొలిచింది. ఒక్కో అంకె రెండుసార్లు సరిచూసి రాసింది. సంతకం చేసి, ముద్ర వేసి, కాగితాన్ని చెన్నమ్మ రెండు అరచేతుల మధ్య పెట్టింది.