దోన్యా అంపారో కుట్టనన్న నడుము

ఆత్లిస్కో ఊళ్లో మా ఇంటి మెట్ల కిందే దోన్యా అంపారో కుట్టుకొట్టు. మోకాళ్లు అరిగినా, భర్త పోయినా, ముప్పై ఏళ్లుగా ఆడపిల్లలకి పదిహేనేళ్లు నిండినప్పుడు చేసే పండగకి గౌన్లు కుడుతూనే ఉంది.

మొన్న గ్రీసెల్దా తన కూతురు ఇత్సేల్‌ని తీసుకొచ్చింది. పండగ ఇంకా మూడు వారాలే ఉంది. గౌను నడుము పిల్ల నడుముకన్నా ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ పెట్టమని ముందే చెప్పిపోయింది. పది రోజులుగా పిల్లకి అనాస, నాగజెముడు కలిపిన రసం తప్ప మరో తిండి లేదు.

"మూడు కిలోలు తగ్గింది అక్కా!" అంది గ్రీసెల్దా గర్వంగా.

నా రెండేళ్ల పాపని ఒళ్లో పెట్టుకుని అక్కడే ఉన్నాను. బళ్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను. "అందులో చాలామటుకు నీళ్లేనమ్మా. తిండి మానేస్తే ముందు పోయేది నీరు, ఆపైన కండ కూడా కరుగుతుంది. మామూలుగా తినగానే నీళ్లు తిరిగొస్తాయి."

"మీ పాపకి పదిహేనొచ్చాక చూద్దాం లెండి టీచరుగారూ, మీ పాఠాలు."

ఒళ్లు మండింది. పాపని గట్టిగా పట్టుకున్నాను.

అంపారో నోట్లోని గుండుసూదులు తీసింది. "నీ పెళ్లికి ముందు క్యాబేజీ చారు తాగి గౌను బిగించమన్నావు. ఏడాది తిరక్కుండా నీ బట్టలన్నిటి కుట్లూ విప్పిందెవరే?"

"అప్పుడు నేనే నోరు కట్టుకోలేకపోయాను."

నాకు అసలు కోపం ఇక్కడే. ఆ చారు తాగమన్నవాళ్లది తప్పు కాదట, ఆకలేసినదానిది తప్పట! ఇన్నేళ్లుగా ఆ నింద మోసింది చాలక, ఇప్పుడు కూతురి నెత్తిన పెడుతోంది.

అంతలో గౌను వేసుకుని పీట మీద నిలబడ్డ ఇత్సేల్ తూలి అంపారో భుజం పట్టుకుంది. పెదాలు తెల్లబడ్డాయి. అంపారో పిల్లని కూర్చోబెట్టి, కత్తెర తీసుకుని గౌను నడుము కుట్టు పరపరా విప్పేసింది.

"అయ్యో! పండగ దగ్గరికొస్తుంటే!"

"ఈ పిల్లకి ఉన్న నడుముకే కుడతాను. లేని నడుము కావాలంటే వేరే కొట్టు చూసుకో. పిల్ల మాత్రం తినకుండా నా గడప దాటదు."

లోపల్నించి మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడుగింజల ముద్ద తెచ్చిపెట్టింది. ఇత్సేల్ తల్లివైపు చూసింది.

"పోనీ, నాలుగు సెంటీమీటర్లు తగ్గించు అక్కా..." గ్రీసెల్దా గొంతు సన్నబడింది.

"ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించను."

గ్రీసెల్దా పీట లాక్కుని కూర్చుంది. పళ్లేన్ని కూతురి ముందుకు జరిపింది, మొహం మాత్రం అటు తిప్పుకునే.

ఇత్సేల్ రొట్టె తుంచింది. "కారం లేదా పెద్దమ్మా?"