నవ్వు సాక్షి

ఆ ఆరంతస్తుల భవనంలో లిఫ్ట్ నడిపే ఆయన్ని అందరూ గంభీరంగారనే పిలిచేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. మనిషి కోపిష్టి కాదు, పొగరుబోతు అంతకన్నా కాదు. ముఖమే అలాంటిది. పెళ్లిలో ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండి సార్" అని అడిగి అడిగి, విసుగొచ్చి, పెళ్లికూతురికి ఒక్కదానికే ఫొటోలు తీసి వెళ్లిపోయాడట. ఆ పెళ్లికూతురు, అంటే ఆయన భార్య, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఊళ్లోవాళ్లకు కర్టెన్లు కుట్టిపెట్టేది.

భవనం మూడో అంతస్తులో పళ్ల డాక్టరు, ఆరో అంతస్తులో కొలతలూ తూనికల ఆఫీసు ఉండేవి. ఐదో అంతస్తు మొత్తం జాతీయ కార్టూన్ పురస్కారాల కమిటీది. ఏటా దేశం నలుమూలల నుంచీ నాలుగైదు వందల బొమ్మలు వచ్చేవి. ముగ్గురు న్యాయనిర్ణేతలు తలుపులు వేసుకుని, వారంపాటు పోట్లాడుకుని, ఒకదాన్ని ఎంపిక చేసేవారు. ఒక ఏడాది ఆ పోట్లాట ఎంతకూ తెగలేదు. హాస్యం అన్నాక ఎక్కడో గుచ్చుకోవాలని ఒకాయన, గుచ్చుకుంటే అది హాస్యం ఎలా అవుతుందని ఇంకొకాయన. మూడో ఆయన అధ్యక్షులు. నిండు గడ్డం, నిండు వయసు.

"సామాన్యుడు నవ్వాలయ్యా! సామాన్యుడు నవ్విందే హాస్యం!" అన్నారు అధ్యక్షులు బల్ల గుద్ది.

"అయితే ఆ సామాన్యుణ్ణే పిలుద్దాం సార్. నేను ఇంటికెళ్లాలి" అంది మూల కూర్చుని మినిట్స్ రాస్తున్న కార్యదర్శి.

ఆమె తలుపు తెరిచేసరికి ఎదురుగా లిఫ్టూ, లిఫ్టులో స్టూలు మీద గంభీరంగారూ కనబడ్డారు.

ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టి బొమ్మలు ఒక్కొక్కటే చూపించారు. గంభీరంగారు ప్రతి బొమ్మనూ కోర్టు కాగితం చూసినట్టు చూసి పక్కన పెట్టారు. నలభై బొమ్మలు అలాగే అయిపోయాయి. నలభై ఒకటోది అధ్యక్షులు స్వయంగా ముందుకు వంగి చూపించారు. దాన్లో ఒక గొట్టం, ఒక గుడ్డ, పక్కనే బాణంగుర్తు, చివర్లో వెల్లకిలా పడుకున్న ఒక మనిషి. గంభీరంగారు తలెత్తి అధ్యక్షుల వంక చూసి, మళ్లీ బొమ్మలోకి తల దించుకుని, ఆపుకోలేక కిసుక్కుమన్నారు.

"నవ్వాడు!" అని ముగ్గురూ ఒక్కసారే లేచారు.

ఆ సాయంత్రం భార్యతో గంభీరంగారు అసలు సంగతి చెప్పారు.

"బొమ్మ చూసి కాదే నేను నవ్వింది. కాగితాలకు పెట్టే క్లిప్పు ఒకటి ఆ పెద్దాయన గడ్డాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఆయన మాట్లాడుతుంటే ఊగుతోంది."

"మరి ఆ మాటే చెప్పకపోయారా?"

"పెద్దమనిషి కదా, మొహం మీద ఏం చెప్తాం?"

"బాగుంది. మీ మొహమాటానికి ఎవరికో జాతీయ బహుమతి వచ్చింది" అంటూ ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

కమిటీకి ఈ పద్ధతి తెగ నచ్చేసింది. మరుసటి ఏడాది నియమావళిలో కొత్త క్లాజు చేర్చారు. 'నవ్వు సాక్షి' అని ఒక పదవి పెట్టి, గంభీరంగారికి చేతుల కుర్చీ ఒకటి, జేబుకు తగిలించుకునే బిళ్ల ఒకటి ఇచ్చారు. పన్నెండేళ్లపాటు దేశంలో ఏది హాస్యమో ఆ కుర్చీలోనే తేలింది. ఆయన అంత సులువుగా నవ్వే మనిషి కాదు కాబట్టి తేలడానికి రోజులు పట్టేది. ఒక ఏడాది ఆయనకు ఎక్కిళ్లు తెప్పించిన బొమ్మకి బహుమతి ఇచ్చారు. ఇంకో ఏడాది ఒక బొమ్మ చూస్తూ ఆయన తుమ్మారు. అది నవ్వు కిందికే వస్తుందని ఇద్దరు, రాదని ఒకరు ఓటేసి తీర్మానం చేశారు.

ఈ కబురు బయటకు పొక్కింది. కార్టూనిస్టులు ఆయనకు దేనికి నవ్వొస్తుందో కనిపెట్టడానికని పనీపాటా లేకుండా లిఫ్టెక్కి తిరగడం మొదలుపెట్టారు. పేరున్న కార్టూనిస్టు ఒకాయన రెండు రోజులు ఆపకుండా పైకీ కిందికీ తిరిగి, కళ్లు తిరిగి పళ్ల డాక్టరు బల్ల మీద పడుకోవలసి వచ్చింది. నాలుగేళ్లు గడిచేసరికి పోటీకి వచ్చే బొమ్మలన్నీ లిఫ్టు బొమ్మలే అయ్యాయి. గంభీరంగారు వాటిని శ్రద్ధగా చూసి, "ఈ తలుపు ఇటు తెరుచుకోదండీ. ఈ తాడు ఇక్కడ ఉండకూడదు, మనుషులు చచ్చిపోతారు" అని తప్పులు దిద్దేవారు.

ఆయన మనసులో మాత్రం ఆ మొదటి బహుమతే ముల్లులా గుచ్చుకునేది. ఆ బొమ్మ వేసిన అమ్మాయి పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ బొమ్మను పాఠ్యపుస్తకంలో కూడా పెట్టారు. వెల్లకిలా పడుకున్న ఆ మనిషి ఈ శతాబ్దపు మానవుడని విమర్శకులు వ్యాసాలు రాశారు. బహుమతి వచ్చిన పన్నెండేళ్లకు ఆమెను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆ రోజు లిఫ్టులో ఆమె, గంభీరంగారు ఇద్దరే ఉన్నారు. మూడుకీ నాలుగుకీ మధ్య ఆయన మీట నొక్కి లిఫ్టు ఆపేశారు.

"మేడమ్, మీకో మాట చెప్పాలి. మీ బొమ్మకి నేను నవ్వలేదు" అని, క్లిప్పు సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పారు.

ఆమె గోడకు ఆనుకుని, గట్టిగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య! దాన్లో నవ్వడానికి ఏముందా అని పన్నెండేళ్లుగా నేనూ చూస్తున్నానండీ. అది జోకు కాదు. మా పెదనాన్నగారికి మడతమంచాల ఫ్యాక్టరీ ఉంది. మంచం ఎలా తెరవాలో గీసిమ్మన్నారు. ఆ కవరూ పోటీ కవరూ తారుమారైపోయాయి."

"మరి మీ అసలు జోకో?"

"'మంచం తెరిచే విధానం' అని అచ్చై, మూడు వేల మంచాలతో పాటు ఇళ్లకు వెళ్లిపోయింది. పక్కింటి గోడ మీంచి చూడ్డానికి మొగుడు భుజాల మీద పెళ్లాం నిలబడి ఉంటుంది. అంతే బొమ్మ. జనం రెండేళ్లపాటు ఉత్తరాలు రాశారు. 'భుజాల మీద నిలబడ్డాం, మంచం తెరుచుకోలేదు' అని. ఒకాయనైతే 'ఇంట్లో నేనొక్కణ్ణే, ఎవరి భుజాలెక్కమంటారు?' అని అడిగాడు."

గంభీరంగారి పెదాలు వణికాయి. తర్వాత భుజాలు అదిరాయి. ఆ తర్వాత ఆయన స్టూలు మీంచి కింద కూలబడి, కడుపు పట్టుకుని, లిఫ్టు ఊగేలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎలాగో మళ్లీ మీట నొక్కి, ఐదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి కళ్ల వెంటా నీళ్లు కారుతున్నాయి.

వెళ్తూనే ఇద్దరూ కమిటీ ముందు నిజం చెప్పేశారు. అధ్యక్షులు పాత మినిట్స్ పుస్తకం తెప్పించి, వేలు పెట్టి చదివారు.

"'సామాన్యుడు బొమ్మను చూస్తూ నవ్వాడు' అని ఉంది. 'చూసి నవ్వాడు' అని లేదు. నిర్ణయం చెల్లుతుంది. కూర్చోండి, బొమ్మలు మొదలుపెడదాం."

గంభీరంగారు కూర్చున్నారు గానీ, నలభై ఏళ్లుగా బిగుసుకున్న నవ్వు ఒకసారి వదులయ్యాక ఆగలేదు. మొదటి బొమ్మకి నవ్వారు. రెండోదానికీ నవ్వారు. ఖాళీ కాగితం ఒకటి మధ్యలో వస్తే దానికి అన్నిటికంటే ఎక్కువ నవ్వారు. నియమం నియమమే కాబట్టి ఆ ఏడాది నాలుగు వందల పన్నెండు మందికి ప్రథమ బహుమతి వచ్చింది. బహుమతుల సభ రెండు రోజులు నడిచింది. అందరూ వేదిక మీదే ఉండటంతో చప్పట్లు కొట్టడానికి కింద కార్యదర్శీ, గంభీరంగారి భార్యా మాత్రమే మిగిలారు. పాపం ఆవిడ అరచేతులు కందిపోయేదాకా కొట్టింది.

మర్నాడే ఆయనకు ఉత్తర్వు అందింది. నవ్వుతున్న కారణంగా నవ్వు సాక్షి పదవి నుంచి తొలగిస్తున్నామని అందులో ఉంది. గంభీరంగారు బిళ్ల తిరిగి ఇచ్చేసి హాయిగా స్టూలు మీద కూర్చున్నారు. ఇప్పుడాయన ఎవరు లిఫ్టెక్కినా నవ్వు మొహంతో పలకరిస్తారు. అంతా నవ్వుతూనే వస్తున్నారు కాబట్టి నోరు తెరవమని బతిమాలే పని సగం తగ్గిందని మూడో అంతస్తు పళ్ల డాక్టరు అంటాడు.

ఆ కార్టూనిస్టు అమ్మాయి తన పెదనాన్నగారి అటక మీంచి, మంచం తెరుచుకోలేదంటూ వచ్చిన పాత ఉత్తరాల కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆదివారాలు ఆయన వాటికి జవాబులు రాస్తారు. చిరునామా దగ్గర్లోదైతే రాయరు, భార్యను వెంటబెట్టుకుని తామే వెళ్తారు. మొన్న ఒకరింట్లో బట్టల బీరువా వెనకాల ఇంకా ముడుచుకునే ఉన్న మంచం దొరికింది. ఎడమవైపు కొక్కెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కుట్టుమిషనుకు వేసే నూనె ఆవిడ సంచీలోనే ఉంది. రెండు చుక్కలు వేసి లాగేసరికి ఠక్కున తెరుచుకుంది. ఇంటావిడ టీ తెచ్చింది. ముగ్గురూ ఆ మంచం మీదే కూర్చుని తాగారు.