పాలారులో నీళ్ళొచ్చిన రోజు

మొన్న టీవీలో పాలారు పొంగిందని చూపించారు. జనం ఒడ్డున నిలబడి పసుపూ కుంకుమా నీళ్ళలోకి విసురుతున్నారు. మా మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మాది బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో బట్టల కొట్టు. గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజులవి. జీతాల వారంలో కార్మికుల కుటుంబాలు లుంగీలకూ చీరలకూ వచ్చి కొట్టు నిండా కూర్చునేవి. నాన్నకు ఆ కొట్టే లోకం. పెళ్ళికి వెళ్ళినా తాళి కట్టే వేళకు చేరి, అక్షింతలు వేసిన చేత్తోనే తిరుగు బస్సు ఆపేవారు. అమ్మ పుట్టిల్లు రాష్ట్ర సరిహద్దు దాటాక పాలారు ఒడ్డున ఉన్న వాణియంబాడి. అక్కడికి కాస్త దిగువన, నదికి అవతలి గట్టున ఉన్న చిన్న ఊరికి మా పెద్దమ్మను ఇచ్చారు. నది అంటున్నానే గానీ, మేమెరిగినంతలో అందులో ఉన్నది ఇసుకే. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి దాటేవాళ్ళం.

అమ్మమ్మ పోయినప్పుడు తంతి ఆలస్యంగా అందింది. అమ్మ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "బంగారం ఊరోళ్ళకి ఇసక ఊరు యాడ గుర్తుంటాది?" అన్నది పెద్దమ్మ, నలుగురిలో. బంగారం ఊరన్న పేరే గానీ, మా ఇంట్లో ఉన్న బంగారమంతా అమ్మ మెడలోనే ఉండేది, అదీ పుట్టింటివారు పెట్టిందే. ఆ మాటతో అక్కాచెల్లెళ్ళకు ఏళ్ళపాటు మాటల్లేవు. తర్వాత ఒక ఏడు, వానలు మొదలవక ముందు, తెలిసినవాళ్ళ ద్వారా పెద్దమ్మ కబురు పంపింది, చెల్లెల్ని ఒకసారి వచ్చిపొమ్మని. అమ్మ ఆ పూటే బయలుదేరాలనుకుంది. నాన్న, "దీపావళి యాపారం కానీ, ఆ తర్వాత అందరమూ పోదాం. మీ అక్క యాడికి పోతాది?" అన్నారు.

దీపావళి అయింది. వస్తున్నామని కబురు చేసి, బంగారుపేటలో తెల్లవారుజామున రైలెక్కాం. కుప్పం దాటేసరికి వాన. వాణియంబాడిలో దిగితే ఊరంతా నది దగ్గరే ఉంది. ఎన్నో ఏళ్ళకు నీళ్ళొచ్చాయట, తిరునాళ్ళలా ఉంది. దొరికిన జట్కాలో దిగువకు, పెద్దమ్మ ఊరికి ఎదురు గట్టుకు చేరాం. అక్కడ మేం నడిచి దాటే ఇసుకదారి కనబడలేదు. ఎర్రటి నీళ్ళు, వాటి హోరు. వంతెన మీదుగా చుట్టి వెళ్దామంటే బస్సులు ఆపేశారు. పడవ అడిగితే అక్కడ వేరుశనగలు అమ్ముతున్న ముసలాయన నవ్వాడు. "ఇసకలో పడవ ఎవరు పెట్టుకుంటారప్పా?"

అవతలి గట్టున పెద్దమ్మ మా కోసమే వచ్చి నిలబడి ఉంది. నడకను బట్టి అమ్మే ముందు గుర్తుపట్టింది. "అక్కా!" అని అరిచింది. పెద్దమ్మ చెయ్యి నోటి దగ్గరకు తీసుకెళ్ళి, తిన్నారా అని సైగ చేసింది. అమ్మ తల ఊపింది. ఆ తర్వాత పెద్దమ్మ చాలాసేపు ఏదో చెప్పింది, రెండు చేతులూ ఆడిస్తూ, మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఒక్క ముక్క వినబడలేదు.

"ఏమంటాండాది? మీకేమన్నా ఇనిపించిందా?" అమ్మ నాన్న భుజం పట్టుకుని ఊపేసింది.

గిరాకీలను వీధి చివరినుంచి పిలవగల గొంతు మా నాన్నది. "నీళ్ళు తగ్గినాక వస్తామమ్మా!" అని ఎన్నిసార్లు అరిచారో. అటువైపు అందిందో లేదో తెలియదు. సాయంత్రం రైలుకు వెనుదిరిగాం. మేం మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది.

నీళ్ళు తగ్గాయి. మళ్ళీ బయలుదేరదామనుకుంటూ ఉండగానే పెద్దమ్మ నిద్రలోనే పోయిందని తెలిసింది. ఈసారి తడి ఇసుకలో నడిచి దాటాం. శవం దగ్గర కూర్చుని అమ్మ, పెద్దమ్మ కొడుకును అడిగింది, "ఆ పొద్దు మీయమ్మ నాతో ఏం చెప్పిందిరా?"

"ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు పిన్నమ్మా. చెల్లి శానా సన్నగైపోయింది అని మాత్రం అనింది."

అమ్మ నాన్నను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆమె అని ఉంటే ఆయనకు కొంత తేలికయ్యేదేమో. అప్పటినుంచి ఎవరు రమ్మన్నా, గిరాకీ ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, నాన్న కొట్టు తలుపు దించి బయలుదేరేవారు. కానీ ఆయన త్వరపడటం నేర్చుకునేనాటికి, అమ్మకు త్వరగా చేరవలసిన ఇల్లంటూ మిగల్లేదు.