గౌరి మోకరించిన రోజు

ఆ రోజు పొద్దున మా గౌరి లేవబోయి మోకాళ్ల మీదే ఆగిపోయింది. గౌరి మా పుంగనూరు ఆవు. ఎత్తు నా నడుము దాటదు, పెంకితనం మాత్రం ఇంటికి మించింది. ఏ ఆవైనా లేచేటప్పుడు మొదట వెనక భాగం ఎత్తి, ఒక్క క్షణం మోకాళ్ల మీద ఉండి, తర్వాత ముందుకాళ్లు చాస్తుంది. గౌరి ఆ మధ్యలోనే ఉండిపోయింది, మొహం కొండ వైపు. మా ఇల్లు అలిపిరి దారిలో ఉంది.

మా అత్త చేతులు జోడించింది. "మ్మే, సూడు! గౌరి స్వామికి మొక్కుతా ఉండాది!"

మధ్యాహ్నానికి వీధి వీధంతా మా పెరట్లోనే ఉంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, సెల్‌ఫోన్లు. నేనూ దండం పెట్టాను. మర్నాడు ఆ మొక్కు ఇంకా ఎక్కువసేపు సాగింది. ఆ పై రోజు మేత ముట్టలేదు. మోకాలు తడిమి చూస్తే ఉబ్బి, వెచ్చగా ఉంది.

ట్రాలీ ఆటోలో తిరుపతిలోనే ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్-రే చూసి డాక్టరమ్మ చెప్పింది. "ఆర్థరైటిస్. కీలు అరిగింది, ఇన్‌ఫ్లమేషన్ ఉంది. అది మొక్కలేదమ్మా, నొప్పికి లేవలేకపోయింది. ఇట్లే వదిలేస్తే ఒకరోజు పూర్తిగా పడుకుండిపోతుంది. అప్పుడు లేపడం మా వల్ల కూడా కాదు."

అత్త మొహం మాడిపోయింది. గౌరి గంగడోలు నిమురుతూ నిలబడింది.

మందులతో పాటు లో లెవెల్ లేజర్ థెరపీ ఇద్దామన్నారు.

"లేజరంటే కోసేదే కదమ్మా? కాలిపోదా బిడ్డకి?" అంది అత్త.

"కోసే లేజర్ వేరు. ఇది నొప్పి, వాపు తగ్గించడానికి. అరిగింది తిరిగి రాదు. లేచి తిరిగేలా చేయగలమేమో చూద్దాం."

మాకు కళ్లద్దాలిచ్చారు, గౌరి కళ్లకు గుడ్డ కట్టారు. టార్చిలైటంత పరికరాన్ని మోకాలికి ఆనించగానే ఎర్రటి చుక్క కనిపించింది. మందు అదేనా అని అడిగాను.

"ఆ ఎరుపు ఎక్కడ పడుతోందో చూపడానికే. పనిచేసే వెలుగు మన కంటికి కనబడదు."

మొదట్లో గౌరి వణికింది. కొన్ని సిట్టింగుల తర్వాత ఒకనాడు, ఆ కనబడని వెలుగు కింద నిలబడే చెవులు వాల్చి నెమరు వేయడం మొదలుపెట్టింది. నొప్పితో ఉన్న పశువు నెమరు మరుస్తుంది. ఆ దవడ కదలిక చూసి అత్తాకోడళ్లం ఇద్దరం ఏడ్చేశాం.

అంతా బాగుందనుకునేలోపు మా అత్త భక్తి అడ్డొచ్చింది. నేను ఇంట్లో లేనప్పుడు మొక్కు తీర్చాలని గౌరిని తారు రోడ్డు మీద అలిపిరి దాకా నడిపించి, స్వామికి చూపించి తీసుకొచ్చింది. సాయంత్రానికి మళ్లీ కుంటు, మళ్లీ వాపు.

డాక్టరమ్మ గట్టిగానే కోప్పడింది. "మొక్కుకున్నది మీరు. నడవాల్సింది మీరు. ఆవు కాదు."

"తప్పైపోయింది తల్లీ" అని అత్త లెంపలు వేసుకుంది. సిట్టింగులు మళ్లీ మొదటికొచ్చాయి. ఈసారి కొట్టంలో సిమెంటు నేల మీద ఇసుక పోసి, పైన గడ్డి పరిచాం.

ఇప్పుడు గౌరి దూడలా గెంతదు. చలి ఎక్కువైతే కుంటుతుంది, అప్పుడప్పుడు లేజర్‌కు వెళ్తాం. కానీ లేస్తుంది, తనంతట తానే.

పశువులున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పొద్దున్నే అది లేచేటప్పుడు దగ్గరుండి చూడండి. మోకాళ్ల మీద ఆగిందంటే కొబ్బరికాయ కోసం వెతక్కండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా అత్త రోజూ తెల్లవారుతూనే కొట్టం ముందు కూర్చుంటుంది. గౌరి వెనక్కాళ్లు ఎత్తుతుంది, మోకాళ్ల మీద నిలుస్తుంది. అత్త ఊపిరి బిగబడుతుంది. ముందుకాళ్లు చాచి గౌరి లేచి నిలబడ్డాక, అప్పుడు చేతులు జోడిస్తుంది.