కత్తెరబాబాయ్ చెక్క మీద కూర్చున్నవాళ్లు

"ఈ పిల్లకి అసలు మాటే రాకపోతే?"

ఆ మాట పైకి అనేశానని అతనికి తర్వాతగాని తెలియలేదు. బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న టాక్సీ డ్రైవరు పేపరు దించి చూశాడు. ఆ మాట అన్న తండ్రి ఒళ్లో మూడేళ్ల కూతురు అతని చొక్కా గుండీ తిప్పుతోంది. ఆ పాపకి ఇంకా ఒక్క మాటా రాలేదు. తండ్రికి నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి.

అతను నీటి పరీక్షల ల్యాబులో కెమిస్టు. కొలవనిదే దేన్నీ నమ్మకూడదని చదువుకున్నవాడు. అయినా సెలవురోజు పొద్దున్నే రెండు బస్సులు మారి ఈ ఇరుకు సెలూన్‌కి వచ్చాడంటే దానికి కారణం ఒక చెక్క. పిల్లల తలలు కత్తెరకి అందేలా కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే మామూలు చెక్క. ఈ ఊళ్లో పుట్టి పేరు తెచ్చుకున్న ముగ్గురు, ఒక గాయని, ఒక గోల్‌కీపరు, ఒక శాస్త్రవేత్త, చిన్నప్పుడు దానిమీదే కూర్చున్నారని ఎప్పుడో ఒక పత్రిక రాసింది. అప్పట్నుంచి కన్నవాళ్ల కన్నంతా ఆ చెక్క మీదే. కత్తిరించడానికి జుట్టే లేని పసివాళ్లని కూడా ఎత్తుకొస్తారు. అద్దం పైన ఆ ముగ్గురి ఫోటోలూ వరసగా ఉన్నాయి.

"చెక్క లేదు బాబూ, విరిగింది," అన్నాడు కత్తెరబాబాయ్. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఆయన్ని పిలిచేది ఆ పేరుతోనే.

"విరిగిందా? ఎలా?"

"ఎన్నికల్లో నిలబడతానని ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మంచి ఒళ్లున్న మనిషి. వద్దయ్యా అంటే విన్నాడా!"

"గెలిచాడా బాబాయ్?" డ్రైవరు అడిగాడు.

"చెక్కతోపాటే డిపాజిట్టూ పోయింది." ఆయన నవ్వలేదు. చాలాసార్లు చెప్పిన జోకు. "అయినా అది ఆ చెక్క కాదు. వాళ్లు కూర్చున్నదానికి ఏనాడో చెదపట్టింది. వచ్చినవాళ్లందరికీ చెప్తూనే ఉన్నా. చెవిటివాడి ముందు శంఖమే."

మీసం రాని వయసులో మేనమామ ఆయన చేతికి కత్తెర ఇచ్చాడు. అప్పట్నుంచీ నిలబడే ఉన్నాడు. పిక్కల్లో నరాలు తాళ్లలా ఉబ్బి ముడులు పడ్డాయి. ఊరందరి తలలూ చక్కబెడతావు, నీ తల తప్ప, అనేది భార్య. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్లూ లేరు. గాయని చిన్నప్పుడు పాడేదా అని జనం అడిగితే, పాడేదని చెప్పి పంపేవాడు. నిజానికి ఆ పిల్ల కుర్చీలో కూర్చోగానే నిద్రపోయేది. ఇప్పుడు అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది.

తండ్రి గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్ గారూ, ఆ గాయనికి మాటలు ఎప్పుడొచ్చాయో మీకేమైనా గుర్తుందా? ఆలస్యంగానే కదా?"

"అవునంటే ఇవాళ నిద్రపడుతుందా నీకు?"

"పడుతుందేమో."

"రేపటికి మళ్లీ ఇంకొకటి కావాలిగా. నాకు గుర్తులేదు బాబూ. ఆ పిల్లకి రెండు సుడులు. అదొక్కటే గుర్తు. అయినా ఆ ముగ్గురే కూర్చున్నారా ఏంటి? పోస్టుమాన్ కూర్చున్నాడు. బేకరీ ఆవిడ కూర్చుంది. ఇదిగో, ఈ మహానుభావుడు కూర్చున్నాడు."

"నేనెక్కడ కూర్చున్నా బాబాయ్? తువ్వాలుతో కట్టేశావు!" అన్నాడు డ్రైవరు.

"మా అబ్బాయైతే దానిమీదే అన్నం తిని, దానిమీదే నిద్రపోయాడు. లిఫ్టులు బాగుచేస్తాడిప్పుడు. ఊరిని పైకి తెచ్చేది వాడే."

లవంలో ముగ్గురున్నారు, హారం ఎవరూ రాయలేదు, అనుకున్నాడు తండ్రి. ల్యాబులో ఎవరైనా ఇలాంటి లెక్క పట్టుకొస్తే మొహం మీదే వెనక్కిచ్చేవాడు. కానీ ఆ హారంలో ఎప్పటికీ మాటరాని పిల్లలూ ఉండే ఉంటారన్న ఆలోచన వెంటనే వచ్చి గుండెల్లో రాయిలా కూర్చుంది.

"డాక్టరుకి చూపించావా?"

"గురువారం రమ్మన్నారు."

"వెళ్లు. దానికి సంబంధించింది వాళ్లు చూస్తారు. నా పని జుట్టు. కళ్లలో పడుతోంది, పాపం. ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చో."

కత్తెర దగ్గరికి రాగానే తండ్రి రెండు చేతులతో పాప తలని అదిమిపట్టాడు. పాప గిలగిల్లాడింది. గది మారుమోగేలా అరిచింది.

"వదులు," అన్నాడు కత్తెరబాబాయ్.

"కదిలితే గుచ్చుకుంటుందండీ!"

"పట్టుకుంటేనే గుచ్చుకుంటుంది. వదులు బాబూ."

వదిలాడు. కిటికీ బయట ఎవరో నిచ్చెనెక్కి ఎదురు షాపు బోర్డుకి రంగు వేస్తున్నారు. పాప అటు తిరిగింది. ముసలాయన కాళ్లీడ్చుకుంటూ అటువైపు వెళ్లి రెండు కత్తిరింపులు వేశాడు. పాప అద్దంవైపు తిరిగింది. ఆయనా చుట్టూ తిరిగొచ్చాడు. మళ్లీ కిటికీ. మళ్లీ ఆయన. ఆయాసం వినిపిస్తోంది.

"ఈ కుర్చీ తిరుగుతుంది కదండీ, తిప్పుకోవచ్చుగా?"

"తిప్పితే అది చూసేది కాస్తా పోతుంది. మళ్లీ రాగం మొదలు."

చివరికి నుదుటి మీద జుట్టు కొంచెం వంకరగానే తెగింది. ఆయన దువ్వెనతో ఒకసారి సరిచేయబోయి, మానేసి, బెంచీ మీద చతికిలబడ్డాడు. డ్రైవరు లేచి ఆయనకి మంచినీళ్లు అందించాడు.

"నేను జీవితమంతా చేసిందిదే," అన్నాడు నీళ్లు తాగి. "తలని మనవైపు తిప్పుకోకు బాబూ. అది ఎటు చూస్తే నువ్వే అటు వెళ్లు. కాళ్లు పీకుతాయి. పీకనీ."

గురువారం డాక్టరు చూశారు. వారంవారం రమ్మన్నారు, వెళ్తున్నారు. మాట ఇంకా రాలేదు. ఇదివరకు ల్యాబు నుంచి రాగానే అతను పాప గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "నాన్న అను, ఒక్కసారి అను," అని ప్రాణం తీసేవాడు. ఇప్పుడు పాప వాషింగ్ మెషీన్ గాజు తలుపు ముందు గొంతుక్కూర్చుని లోపల తిరిగే బట్టల్ని చూస్తుంటే, బ్యాగు పక్కన పడేసి, నడుం నొప్పెడుతున్నా తనూ నేలమీద కూర్చుంటాడు. ఏమీ అడగడు. పాప చూసేదాన్నే చూస్తాడు.