తిరుపాలమ్మ తుంచిన పత్తి

తిరుపాలమ్మ మహా మొండిది. పద్నాలుగో ఏట పాములపాడు నుంచి ఆళ్లగడ్డకు కాపురానికొచ్చింది మొదలు, ఆమె తలచుకున్న పనికి అడ్డం పడ్డ మొనగాడు లేడు. పత్తిచేను సంగతి మాత్రం మొగుడు దాసరయ్యకే వదిలేసింది. ఆ రెండెకరాల నల్లరేగడి ఆయన ప్రాణం.

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆయన కడుపు ఆపరేషనుకని నంద్యాల ఆసుపత్రిలో చేరాడు. రెండు నెలలు ఉండాలన్నారు. "చేను నీ చేతిలో పెడతాండా, జాగర్త" అన్నాడు. దిగులు పెట్టే మాటేదీ ఆయన చెవిన వేయొద్దన్నాడు డాక్టరు. ఇక్కడ చూస్తే పత్తి కడ్డీల్లా పైకే పోతోంది. పక్కకొమ్మలు లేకపోతే కాయలెక్కడివి?

ఆయన్ని చూసి తిరిగొస్తూ, బస్టాండు దగ్గర రైతుల సభ కనబడితే ఆగింది. వ్యవసాయం ఆఫీసరు పత్తిమొక్క పట్టుకుని చెబుతున్నాడు: "కొసలో ఒక రసం పుడుతుంది. అది కాండంలో కిందికి దిగుతూ పక్కమొగ్గల్ని లేవనియ్యదు. కొస తుంచితే ఆ అడ్డు పోతుంది." ఇంతలో ఆళ్లగడ్డ బస్సు హారను కొట్టింది. ఇంటి దగ్గర బర్రె పాలు పిండే వేళయింది. పరుగెత్తింది తిరుపాలమ్మ.

వారంలో రెండెకరాల్లోనూ కొసలు తుంచేసింది. ఆపైన పదిహేను రోజులు కళ్లు కాయలు కాచేలా చూసింది. వాన చుక్క లేదు. నేల బీటలు వారింది. ఒక్క మొగ్గ కదిలితే ఒట్టు! నంద్యాల వెళ్లి ఆ ఆఫీసరును వెతికి పట్టుకుంది.

"నేలలో తడి ఉందా అమ్మా?"

"యాడిది సారూ, వానే లేకపాయె."

"అయ్యో, సగం వినే పోతివా! వేర్లలో ఇంకో రసం పుట్టి పైకెక్కుతుంది. మొగ్గను లేపేది అది. పైది అణచాల, కిందిది లేపాల, ఆ రెంటి పెనుగులాటలోనే కాండం పెరిగేదీ, కొమ్మ వేసేదీ. తడి లేక వేర్లే ఎండినాక లేపేదెవరు?"

నా చేతులు పడిపోను, అని దారి పొడుగునా తన్ను తానే తిట్టుకుంది.

దాసరయ్య రావడానికింక నెల కూడా లేదు. అప్పుడు పుట్టింది పాడుబుద్ధి. వాగు చెలమ నుంచి కావడితో నీళ్లు మోసి, బండిబాట పక్కనున్న ఒక్క సాలు మొక్కలకే పోసింది. బండిలో వచ్చే ఆయనకు కనబడేది అదేగా! భుజం పుండు పడింది గానీ, ఆ సాలు నిండా కొమ్మలొచ్చాయి.

బండి చేను దగ్గరికి రాగానే దాసరయ్య మొహం వెలిగింది. "అబ్బా, ఏం కొమ్మలే!" అంటూ, ఆమె వద్దు వద్దంటున్నా దిగాడు. కడుపు పట్టుకుని రెండో సాల్లోకి నడిచాడు. తర్వాత మూడో సాల్లోకి. ఒక మోడు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఎవురే తుంచింది?"

"నేనే."

"మరి ఆ సాలు?"

"నీళ్లు మోసి పోసినా. నువ్వు చూస్తావని."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన ఆమె భుజం మీది పుండు కేసి చూశాడు.

"చేను పోతే పోయె. నా దగ్గర దాచేంత పరాయోన్ని ఎప్పుడైతినే?"

ఇరవై రెండేళ్ల కాపురంలో తిరుపాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది ఆ రోజే.